రామన్నపేట అంజయ్య అనే పాఠకుడు లేడు

కె. అంజయ్య, హైస్కూలు ఎదురుగా, రామన్నపేట. ఈ పేరుతో మా పేపర్ ఆదివారం పేజీలో ఒక ఉత్తరం అచ్చయింది. దాన్ని రాసింది నేను. అలాంటివి మరో నాలుగున్నాయి. వాటి పేర్లూ ఊర్లూ కూడా చెబుతాను. ఇన్నేళ్ళు చెప్పనందుకు సిగ్గుపడుతూనే, ఇప్పుడు చెప్పే అవకాశం దొరికినందుకు నిజంగా సంబరపడుతూ రాస్తున్నాను. ఎందుకు సంబరమో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

నేను ఇరవై మూడేళ్ళు నల్లగొండ జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌ను. కరోనా తర్వాత జిల్లా పేజీలు కుదించినప్పుడు, యాభై రెండేళ్ళ వయసులో ఇంటికి వచ్చేశాను. డెస్కు పనిలో కొత్తగా చేరేవాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేసి సలహాలు అడుగుతారు. హెడ్డింగు ఎలా పెట్టాలో, పేజీ ఎలా కట్టాలో ఆరు నెలల్లో మీకే వస్తుంది. నాకు ఇరవై ఏళ్ళు పట్టిన సంగతి మాత్రం ఒకటుంది. అది చెబుతాను.

కోసే పని

డెస్కు పని అంటే కోయడం. ఊళ్ళ నుంచి విలేఖరులు నలభై లైన్లు పంపిస్తారు. పేజీలో పన్నెండు లైన్లకే జాగా ఉంటుంది. ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నదే ఉద్యోగం. మిగతాదంతా టీ తాగడం.

నాకు ఈ పని నేర్పింది మా ఇన్‌చార్జి రామచంద్రం సార్. చేరిన కొత్తలో ఒక చెరువు తెగిన వార్తను ఎంత ముచ్చటగా కోశానంటే, అందులో ఊరి పేరే ఎగిరిపోయింది. పొద్దున్నే పేపర్ చూశాక గాని తెలియలేదు. సార్ అరవలేదు. ఫోన్ నా ముందు పెట్టారు.

"ఆ సర్పంచికి చెయ్. నేనే తప్పు చేసిన అని చెప్పు. రేపు మళ్ళ వేస్తమని చెప్పు."

"మీరు చెప్తే బాగుంటది సార్."

"కోసింది నేనా, నువ్వా?"

చేశాను. సర్పంచి నన్ను పది నిమిషాలు తిట్టాడు. ఆ తర్వాత ఏ వార్తలోనూ ఊరి పేరు పోలేదు. సార్ గురించి ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చెప్పబోయే సంగతిలో ఆయన చెడ్డవాడిలా కనిపిస్తారు. ఆయన చెడ్డవాడు కాదు. పేజీలో ఖాళీ కనబడితే ఆయనకు ఊపిరాడదు, అంతే. వార్తలో తప్పు ఆయనకు తప్పు. ఉత్తరాల కాలమ్‌ను మాత్రం మాలో ఎవరమూ వార్తగా లెక్కించలేదు.

ఏడు గుట్టల కాపలా

తెలంగాణ వచ్చిన కొత్తలో మన చరిత్ర, మన ఊళ్ళు అంటూ అందరికీ ఒక ఊపు ఉండేది. ఆదివారం పేజీలో జిల్లా కథతో ఒక సీరియల్ వేద్దామని సార్ అన్నారు. ఆ వారమే సుగుణ మేడం వచ్చారు. ఆమె మహబూబ్‌నగర్ వైపు బడుల్లో సాంఘికశాస్త్రం చెప్పి, రిటైరై దేవరకొండలో స్థిరపడ్డ టీచరమ్మ. చేతిసంచిలో లాంగ్ నోటుబుక్కులు నాలుగు తెచ్చారు.

"చదివి చెప్పు నాయనా. నచ్చకపోతే తిరిగి ఇచ్చెయ్. మొహమాటం వద్దు."

నవల పేరు 'ఏడు గుట్టల కాపలా'. మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటూ మొదటి నోటుబుక్కు తెరిచాను. డబ్బాలో అన్నం అట్లాగే ఉండిపోయింది. రాజులు కట్టించారని మనం చదువుకున్న దేవరకొండ కోటలో రాజు కనబడనే కనబడడు. మూడో దర్వాజ దగ్గర కాపలా కాసే మనిషి యుద్ధానికి పోయి తిరిగిరాడు. కాపలా లేదంటే ఉన్న గుడిసె, గింజలు పోతాయి. అందుకని అతని భార్య ముత్యాలి అతని తలపాగా చుట్టుకుని, అతని బల్లెం పట్టుకుని తనే కాపలా కాస్తుంది. అంతమంది మధ్య, నెలల తరబడి. నీళ్ళకు పోయే ఆడవాళ్ళకు తెలుసు. వాళ్ళు చెప్పరు. నాలుగో నోటుబుక్కు చివరికి వచ్చేసరికి దర్వాజ బయట ఎవరో నిలబడి పిలుస్తారు. గొంతు మొగుడిదే. వెనక ఇంకా అడుగుల చప్పుడుంది. తలుపు తీయాలా, వద్దా? మొదటి భాగం అక్కడ ఆగుతుంది.

నేను నోటుబుక్కులు పట్టుకుని సార్ క్యాబిన్‌లోకి దాదాపు పరుగెత్తాను. మా పేజీకి ఇంతకన్నా మంచిది ఏదీ రాలేదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

సీరియల్ మొదలైంది. ఒక వారం, రెండు వారాలు, నాలుగు వారాలు. ఒక్క ఉత్తరం రాలేదు. సీరియల్ కింద 'పాఠకుల మాట' అని మూడు వేళ్ళ వెడల్పు పెట్టె గీసి ఉంచాం. నాలుగు వారాలూ అందులో ఒక పట్టుచీరల దుకాణం ప్రకటన వేసుకున్నాం.

"ఇగ ఉత్తరాలు కనపడాలె యాదగిరి" అన్నారు సార్. "ఉత్తరం లేకుంటే హైదరాబాదు ఆఫీసోళ్ళు సీరియల్ తీసేయమంటరు. నువ్వే రాయి. ఒక ఊరు పెట్టు, ఒక పేరు పెట్టు. నీకు నచ్చింది కదా, అదే రాయి."

ఆయన మాటలో ఒక న్యాయం కనిపించింది నాకు. నిజంగానే నచ్చింది కదా. అలా మొదటిది రాశాను: వి. లలిత, హాలియా. తర్వాత పి. మల్లేశం, నకిరేకల్. బి. స్వరూప, కల్వకుర్తి. ఎన్. ఆనందం, చండూరు. ఈ నలుగురూ లేరు. ఐదోవాడు అంజయ్య.

అంజయ్య దగ్గరికి వచ్చేసరికి నాకు చేయి తిరిగింది. ఊరికే మెచ్చుకోవడం చప్పగా అనిపించి కొంచెం కథ కలిపాను. 'ఆ మూడో దర్వాజ వెనక బండల మధ్య ఒక చోరదారి ఉండేదని, లోపలివాళ్ళు తలుపు తీయకుండానే బయటికి దిగి చూసి వచ్చేవారని మా తాత చెప్పేవాడు. మీ నవల చదువుతుంటే ఆ మాటలన్నీ కళ్ళకు కట్టినట్టు గుర్తొచ్చాయి.' పది నిమిషాల్లో రాశాను. మురిసిపోయాను కూడా.

నేను దిద్దిన ఉత్తరాలు

ఆరో వారం నుంచి నిజమైన ఉత్తరాలు వచ్చాయి. కార్డులు, ఇన్‌ల్యాండు కవర్లు, నోటుపుస్తకంలో చింపిన కాగితాలు. ఇక అబద్ధాలు రాసే అవసరం లేదని సంతోషించాను. అసలు తప్పు అక్కడే మొదలైందని అప్పుడు తెలియలేదు.

ఆ ఉత్తరాలు నేను రాసినవాటిలా లేవు. ఎక్కువమంది కొట్లాడినట్టు రాశారు. పోచంపల్లి నుంచి లక్ష్మమ్మ అనే ఆమె, భర్త మగ్గం మీద ఉంటే తను పక్కన కూర్చుని, నూలును పోగులుగా సర్దే ఆసు పని ఆపి, సీరియల్ పైకి చదివి వినిపిస్తానని రాసింది. ఆమె ఉత్తరంలో నాలుగు లైన్లు మెప్పు, ఇరవై లైన్లు తగాదా. మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ క్వారీలో రాయి తీసే సైదులు రెండు కాగితాలు నింపాడు. అవన్నీ రాళ్ళ గురించి, సున్నం గురించి. 'అద్భుతం' అన్న మాట ఎక్కడా లేదు.

నేను ఏం చేశానో చూడండి. తగాదా అంతా కోసేశాను. వాళ్ళ మాట తీసేసి నా భాష పెట్టాను. లక్ష్మమ్మ ఉత్తరం పేపర్లో ఇలా వచ్చింది: 'ఆనాటి జీవితాన్ని రచయిత్రి కళ్ళకు కట్టినట్టు చూపారు. ఆద్యంతం ఆసక్తికరం.' సైదులుదీ అంతే. ఆరుగురు నిజమైన పాఠకులు ఒకరి వెనక ఒకరు నా నోట్లోంచే మాట్లాడారు. అసలు కాగితాలు టేబుల్ సొరుగులో వేశాను. సీరియల్ అయిపోయాక అన్నీ కలిపి ఒక పేజీ చేద్దామనుకున్నాను. మేడం గారికి పంపాలని తోచలేదు. అచ్చులో చూస్తున్నారు కదా అనుకున్నాను.

చూస్తున్నారు. కత్తిరించి దాచుకుంటున్నారు కూడా. మొదటి భాగం చివరి వారం దగ్గరపడుతుండగా ఒక సోమవారం ఆమె ఆఫీసుకు వచ్చారు. చెప్పులకు ఎర్రమట్టి. కూర్చోలేదు.

"రామన్నపేట పోయొచ్చిన యాదగిరీ."

నేను చేతిలో పెన్ను కింద పెట్టాను.

"అంజయ్య కోసం పోయిన. వాళ్ళ తాత చెప్పిన దారి సంగతి పూర్తిగ విందామని. రెండో భాగమంతా ఆ దారి మీదనే అనుకున్న. ముత్యాలి తలుపు తీయకుండా ఆ దారిల దిగి, వచ్చినోడు మొగుడా కాదా చూడాలె. హైస్కూలు ఎదురుగ విత్తనాల దుకాణం ఉన్నది, టైలర్ ఉన్నడు, కోళ్ళ దుకాణం ఉన్నది. అంజయ్య లేడు. బడిల అడిగిన, పోస్టాఫీసుల అడిగిన. కె. అంజయ్య అనేటోడు ఆ ఊర్లనే లేడట."

"అడ్రసు తప్పు పడ్డదేమో మేడం" అన్నాను. సర్పంచికి ఫోన్ చేసిన మనిషినే నేను. అయినా అదే అన్నాను.

ఆమె సంచిలోంచి కత్తిరింపులు తీసి టేబుల్ మీద పరిచారు. పదకొండు ముక్కలు.

"వీట్ల తొమ్మిదిట్ల 'కళ్ళకు కట్టినట్టు' ఉన్నది. జిల్లాకంతా ఒక్కటే జత కండ్లా నాయనా?"

పక్క టేబుల్ వాళ్ళు తలలు దించుకున్నారు. అప్పుడైనా సొరుగు తీసి, ఇదిగో, ఈ ఆరుగురు నిజం, ఈ ఐదుగురు నేను, అని చెప్పవలసింది. సొరుగు నా మోకాలికి తగులుతోంది. తీయలేదు. దాన్ని తీస్తే ఆ ఉత్తరాలను నేను ఏం చేశానో కూడా బయటపడుతుంది.

"మంచిగున్నదని నువ్వు నాకు ఒక్కసారి నోటితోని చెప్తే సరిపోతుండె" అన్నారు. "ఎవలూ చదవలేదని చెప్పినా సరిపోతుండె. నలభై ఏండ్లు పిల్లలకు పాఠం చెప్పిన. నిద్రపోయే తరగతికి గూడ చెప్పిన. గని, లేని పిల్లలకు హాజరు వెయ్యలే."

రెండో భాగం రాయనని సార్‌కు చెప్పి వెళ్ళిపోయారు. ముత్యాలి తలుపు దగ్గర నిలబడిపోయింది. సార్ చివరి వారం కథ కింద రెండు లైన్లు వేశారు: 'రచయిత్రి అనారోగ్యం కారణంగా రెండో భాగం త్వరలో.' అది కూడా మా డెస్కు అబద్ధమే.

అట్టపెట్టె

తర్వాత కూడా ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. నేను విప్పకుండా సొరుగులో వేసేవాడిని. సొరుగు నిండితే అట్టపెట్టెలోకి మార్చాను. ఆఫీసు వదిలి వచ్చేరోజు ఆ పెట్టె ఇంటికి తెచ్చి అటక మీద పెట్టాను.

ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం మా ఆవిడ భారతి అటక దులుపుతూ దాన్ని కిందికి దించింది. ఒక కవర్ విప్పి చదివి నన్ను పిలిచింది.

"ఇవి ఎవలికి రాసిన్రు? నీకా?"

"మేడం గారికి."

"మరి మన ఇంట్ల ఎందుకున్నయ్?"

ఇద్దరం నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టాం. పొయ్యి మీద పప్పు మాడింది. ఎవరూ లేవలేదు. అరవైకి పైగా ఉన్నాయి. తలుపు తీసిందా, తీయలేదా? అందరిదీ అదే ప్రశ్న. అచ్చంపేట నుంచి అన్నాచెల్లెళ్ళు ఒకే కాగితం మీద చెరో పక్క రాశారు. అన్న తీయాలంటాడు, చెల్లె తీయొద్దంటుంది. లక్ష్మమ్మ నాలుగు ఉత్తరాలు రాసింది. మూడింట్లో టీచరమ్మ ఆరోగ్యం ఎట్లుందని అడిగింది. ఒక కవర్ మీద 'రామన్నపేట, హైస్కూలు ఎదురుగా' అని ఉంది. విప్పాను.

'అయ్యా, మా ఊర్ల అంజయ్య అనేటాయన లేడు. మొన్న ఒక టీచరమ్మ మా విత్తనాల దుకాణం కాడికొచ్చి ఆయన కోసం ఎండల తిరిగింది. ఏందా అని పాత పేపర్లు తెప్పించి చదివిన. అంజయ్య లేకుంటే లేకపాయె, నేనున్న. రెండో భాగం ఎప్పుడు? ఇట్లు, వెంకటయ్య.'

భారతి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం నవ్వుతో పాటు ఇంకేదో వచ్చింది. నేను పుట్టించిన దొంగ పాఠకుడు ఒక నిజమైన పాఠకుడిని సంపాదించి పెట్టాడు. ఆ మనిషి ఉత్తరం ఇన్నేళ్ళు విప్పకుండా నా అటక మీద ఉంది.

మర్నాడే పెట్టె పట్టుకుని దేవరకొండ బస్సెక్కాను. మేడం గుమ్మంలోనే నిలబడి విన్నారు. ఐదు పేర్లూ చెప్పాను, ఆరుగురిని నేను ఎట్లా కోశానో చెప్పాను. పెట్టె ముందు పెట్టాను. ఆమె ముట్టుకోలేదు.

"ఇవి గూడ నువ్వే రాసినవేమో, నాకేం ఎరుక? చేతిరాతలు మార్చడానికి మనుషులు దొరకరా?"

"నిజంగా వచ్చినయే మేడం."

"అప్పుడు గూడ అట్లనే అన్నవు. పోయి రా నాయనా, ఎండ ముదురుతాంది."

పెట్టె పట్టుకుని మళ్ళీ బస్టాండుకు నడిచాను. కాగితం మీద ఏది చూపినా ఆమె నమ్మరని అర్థమైంది. ఆ హక్కు ఆమెకు నేనే ఇచ్చాను.

తలుపు తీసిన రోజు

ఇక మిగిలింది మనుషులే. పోచంపల్లి పోయాను. లక్ష్మమ్మ ఇల్లు దొరకడం కష్టం కాలేదు. మగ్గం చప్పుడు మధ్య ఆమె భర్త సత్తయ్యకు సంగతంతా చెప్పాను. ఆయన చేయి ఆపకుండా విన్నాడు. లక్ష్మమ్మ లోపలికి పోయి ఒక పుస్తకం తెచ్చింది. మా ఆదివారం పేజీలన్నీ వరసగా మడిచి, రంగు నూలుతో కుట్టి, చీర ముక్కతో అట్ట వేసిన పుస్తకం. వీధిలో ఎనిమిదిళ్ళు తిరిగొచ్చిందట. మూలలు నలిగి మెత్తబడ్డాయి. నేను కట్టిన పేజీలను అట్లా ఎప్పుడూ చూడలేదు. ఇరవై మూడేళ్ళ ఉద్యోగంలో నాకు దొరికిన సన్మానం అదొక్కటే, అది కూడా నాది కాదు.

"నా ఉత్తరంల నా మాట ఒక్కటి గూడ లేకుండె" అంది. "పేపరోళ్ళకు మా మాట రాదేమో అనుకున్న."

"నాదే తప్పమ్మా."

"తప్పంటే అయితదా? టీచరమ్మ కాడికి తోల్కపో."

ఉత్తరం కింద ఉన్న నంబరుకు సైదులుకు ఫోన్ చేశాను. రెండు నిమిషాలు వినగానే, "ఆదివారం నాకు డ్యూటీ లేదు, వస్తున్న" అన్నాడు. వెంకటయ్య దుకాణానికి తాళం వేసి బయల్దేరాడు. ఎవరినీ బతిమాలలేదు నేను. వస్తామని వాళ్ళే తొందరపెట్టారు.

ఆ ఆదివారం పొద్దున పదింటికి నలుగురినీ వెంటబెట్టుకుని మేడం ఇంటి ముందు నిలబడ్డాను. నన్ను చూసి ఆమె మొహం ముడుచుకుంది. లక్ష్మమ్మ నన్ను పక్కకు జరిపి ముందుకు వచ్చింది.

"టీచరమ్మా, పానం ఎట్లున్నది? మోకాళ్ళా?"

"నా మోకాళ్ళకేమైంది?"

"పేపర్ల ఏసిన్రు కదా బాగలేదని. మోకాళ్ళే అయ్యుంటయనుకున్న, మా అత్తకు లెక్క."

మేడం నా వైపు ఒక చూపు చూశారు. నేను నేల వైపు చూశాను.

"మంచిగనే ఉన్న. లోపలికి రాండ్రి" అన్నారు, మర్యాదకు.

మెచ్చుకుంటారనే అనుకుంటూ కూర్చున్నట్టున్నారు ఆమె. సత్తయ్య గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఏమనుకోకు. ఆరో వారంల ముత్యాలికి చిటికి చీర కట్టించినవు. పోగులు కట్టి రంగుల ముంచే గా పని మా దిక్కు ఆ కాలంల లేదు. మా తాతల కాలంల వచ్చింది. ముత్యాలికి గా చీర ఎవలు నేసిచ్చిన్రు?"

మేడం ముందుకు వంగారు. "మరి ఏం కట్టిద్దాం?"

"ముతక నూలు. ఒక్కటే రంగు. చిరుగుతే కుట్టుకునేది."

"ఇదే నేను ఉత్తరంల రాసిన" అంది లక్ష్మమ్మ. "గీయన కోసేసిండు."

అందరూ నన్ను చూశారు. అంత గట్టిగా దొరికిపోయినా, అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

సైదులు అప్పటిదాకా కిటికీలోంచి గుట్టనే చూస్తున్నాడు. ఇటు తిరిగాడు.

"మేడం, మీరు గోడలకు డంగు సున్నం అన్నరు, గుట్ట కింద సున్నం బట్టీ అన్నరు. బట్టీ సరే, సున్నపురాయి ఏడికెల్లి వచ్చింది? ఈడ అంతా నల్లరాయే. ఎద్దుబండ్ల మీద మా దిక్కుకెల్లే వచ్చుండాలె. పదుల బండ్లు, పది దినాల తొవ్వ. మరి గా బండ్లోళ్ళు తొవ్వల అందర్నీ చూస్తరు గదా. యుద్ధానికి పోయినోడు సచ్చిండో బతికిండో వాళ్ళకెరుక కాదా? ముత్యాలి గా బండ్లోళ్ళనడుగుతే అయిపోతుండె."

మేడం లేచి లోపలికి వెళ్ళారు. కోపం వచ్చిందేమోనని వెంకటయ్య నా మోచేయి పట్టుకున్నాడు. ఆమె ఒక లాంగ్ నోటుబుక్కు, పెన్ను తెచ్చుకుని మళ్ళీ కూర్చున్నారు.

"మెల్లగ చెప్పు సైదులూ. బండికి ఎన్ని ఎద్దులు? రాయి తడిస్తే ఏమైతది?"

రెండు గంటలు గడిచాయి. చోరదారి మాట ఎవరూ ఎత్తలేదు. అవసరం కూడా లేకపోయింది. తలుపు తీయకుండా బయటి సంగతి తెలుసుకునే దారి ఆమెకు దొరికింది. అది సైదులు మొదటి ఉత్తరంలోనే ఉంది. దాన్ని నేను రెండు లైన్ల మెప్పుగా మార్చి, మిగతాది సొరుగులో వేశాను.

పోయే ముందు వెంకటయ్య నోరు తెరిచాడు. "నాకు చీరలు తెల్వయి, రాళ్ళు తెల్వయి మేడం. గా ఆడామెను తలుపు కాడ నిలబెట్టి ఏండ్లాయె. కాళ్ళు గుంజవా ఆమెకు?"

మేడం పకపకా నవ్వారు. అన్నేళ్ళ తర్వాత ఆ నవ్వు విన్నాను. వాళ్ళు చెప్పులు తొడుక్కుంటుంటే నన్ను మాత్రం ఆగమన్నారు.

"ఆ పెట్టె పట్టుకరా" అన్నారు. "వీళ్ళను నువ్వు రాయలేవులే."

ఒక్క అక్షరం తీయకుండా

డెస్కులో చేరబోయే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. మెప్పు ఎవరైనా రాయగలరు, నేను రాశాను, చదవకపోయినా రాయవచ్చు. తగాదా పెట్టుకోవాలంటే మాత్రం పుస్తకం మొత్తం చదవాలి, రాత్రింబవళ్ళు దాన్ని తలలో మోయాలి. ఉత్తరంలో మీకు అడ్డంగా, పొడుగ్గా, మర్యాద తక్కువగా కనిపించే లైను ఉంటుంది. కోసే ముందు దాన్ని రెండోసారి చదవండి. పాఠకుడు అందులోనే ఉంటాడు. జాగా చాలకపోతే 'అద్భుతం' తీసేయండి.

పేజీలో ఖాళీ పెట్టె గురించి కూడా ఒక మాట. ఉత్తరాలు రాకపోతే రాలేదని ఉంచేయండి. అప్పట్లో మేం ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే అంజయ్య పుట్టేవాడే కాదు.

రామచంద్రం సార్‌కు ఇదంతా ఫోన్‌లో చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నారు. "రాయి" అన్నారు చివరికి. "నా పేరు గూడ రాయి. ఊరి పేరు పోయినప్పుడు నీతోని ఫోన్ చేయించిన. నాతోని ఎవలు చేయించాలె?" అందుకే రాశాను.

రెండో భాగం ఇప్పుడు పుస్తకంగా వస్తోంది. ప్రూఫులు నేనే చూస్తున్నాను, మేడం అడిగారు. సున్నం బండ్లు వచ్చే అధ్యాయం చదివిన రోజు మళ్ళీ నా అన్నం చల్లారిపోయింది. ముత్యాలి తలుపు తీసిందో లేదో నాకు తెలుసు, చెప్పను. తొమ్మిదో అధ్యాయంలో ఒక రాయసగాడు ఉన్నాడు. కోటలో రాతపని చేసేవాడు. జనం చెప్పుకునే కష్టాలు రాసుకుని, పైకి పంపేటప్పుడు కష్టం తీసేసి 'ప్రజలు సుఖంగా ఉన్నారు' అని మాత్రం ఉంచుతాడు. అతని పేరు యాదగిరి.

"పేరు మార్చమంటవా?" అని అడిగారు మేడం.

"ఉండనీయండి."

కథలో అతను పట్టుబడతాడు. కొలువు పోతుంది, ఊళ్ళన్నీ తిరిగి ఎవరి మాట వాళ్ళకు చదివి వినిపించి రమ్మంటారు. పుస్తకం చివర ఆ పెట్టెలోని ఉత్తరాలు వేస్తున్నాం, ఉన్నవి ఉన్నట్టు. అచ్చుకు ముందే చూపించమని మేడం ఒక ప్రతి పోచంపల్లి పంపారు. మొన్న లక్ష్మమ్మ కార్డు వచ్చింది. ఈసారి నా అడ్రసుకే, మేడం పేరున. నేనే టైపు చేసి ఉత్తరాల చివర చేర్చాను.

'టీచరమ్మకు దండాలు. చీర మంచిగైంది. బండ్లు మంచిగున్నయ్. గని గా రాయసగానికి శిక్ష జర తక్కువైంది.'